పోయిన పదకొండు గంటలు

వనస్థలిపురంలో కాపురం పెట్టినవాళ్లకి ఎక్కడికెళ్లాలన్నా దూరమే. హైటెక్ సిటీ వైపు చుట్టాలు మమ్మల్ని చూసి "అబ్బో, అంత దూరం నుంచా!" అంటారు. వాళ్లింటికి రమ్మంటే మేమూ అదే మాట అంటాం. అందుకే అందరం పెళ్లిళ్లలో కలుసుకుంటుంటాం. ఇలాంటిచోట ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని "ఈ శని, ఆదివారాలు హాయిగా, తేలిగ్గా గడుపుదాం" అనడానికి గుండెధైర్యం కావాలి.

జూపార్కు ఉందిగా అంటారు. ఉంది. 1963లో తెరిచారు, 380 ఎకరాలు. జనరల్ నాలెడ్జి పుస్తకంలో చదివినప్పుడు గర్వంగానే ఉంటుంది. ఏనుగు దాకా నడిచి, "నాన్నా, ఎత్తుకో" అని అయిదేళ్లవాడు చేతులు చాపినప్పుడు ఎకరమంటే ఎంతో భుజానికి తెలుస్తుంది. ఇంతా చేసి మనం వెళ్లే వేళకి పులి నిద్రపోతూ ఉంటుంది. సెలవు రోజుని ఎలా గడపాలో తెలిసిన ప్రాణి అక్కడ అదొక్కటే. దాన్ని చూడ్డానికి మేం టికెట్టు కొన్నాం. ఇక రామోజీ ఫిల్మ్ సిటీ మాకు దగ్గరే. కాకపోతే టికెట్టు రేటుని ఇంట్లో తలకాయలతో గుణించిన ప్రతిసారీ అది కాస్త దూరం జరుగుతుంది.

ఎండనీ ట్రాఫిక్‌నీ ఎలాగోలా తట్టుకోవచ్చు. మా ఇంట్లో ఒక మాట ఉంది, దాన్ని తట్టుకోవడమే కష్టం: "ఎలాగూ అటే వెళ్తున్నాం కదా!" ఈ మాట పడిందంటే ఆ రోజు సంగతి అంతే.

మొన్నొక రెండో శనివారం సాలార్‌జంగ్ మ్యూజియం అనుకున్నాం. వాళ్లకి సెలవు శుక్రవారం కాబట్టి చిక్కు లేదు. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగడం, ఆటోలో మ్యూజియం, పన్నెండింటికి గడియారం ముందు కూర్చోవడం, వెనక్కి రావడం. అంతే ప్లాను. ఆ గడియారం సంగతి తెలిసిందే. గంటకి మూడు నిమిషాల ముందే గడ్డం బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. చిన్నాడికి వారం ముందు నుంచీ ఆ బొమ్మ గురించి ఊరించి పెట్టాను.

చెప్పులేసుకుంటుంటే మా ఆవిడ అంది: "ఏమండీ, ఎంజీబీఎస్ తర్వాత స్టేషనే ఉస్మానియా మెడికల్ కాలేజీ. దిగితే కోఠీ. ఎలాగూ అటే వెళ్తున్నాం కదా, ఆ పచ్చచీరకి జాకెట్టు ముక్క చూసుకుని వెళ్దాం."

ఒక్క స్టేషను. కాదనడానికి నోట్లోంచి మాట వచ్చేలోపే మా అమ్మ అందుకుంది. "ఒరేయ్, కోఠీ అంటే గుర్తొచ్చిందిరా. మిక్సీ చట్నీ జారు కారిపోతోంది. అక్కడ బుష్ మారుస్తారు." పులిహోర డబ్బా పక్కన జారు కూడా సంచీలోకి ఎక్కింది. మా పెద్దది మూడో తరగతి. అది మాట్లాడకుండా నా చేతి గడియారం వైపు చూసింది.

మేం వెళ్లేసరికి మ్యాచింగ్ సెంటర్ వాళ్లు దేవుడికి దండం పెడుతున్నారు. తర్వాత తానులు దిగడం మొదలైంది. "ఇది చిలకపచ్చ మేడం, మీది మామిడాకు పచ్చ. ఇందులో టూ బై టూ రూబియా రాదు, ఇదిగో ఈ పచ్చలో వస్తుంది." అడివిలో కూడా అన్ని పచ్చలుండవు. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో కలవలేదు. ఎండలో కలిసింది నీడలో తేడా కొట్టింది. మా ఆవిడ చీర కొంగు ఒక చేత్తో, ముక్క ఇంకో చేత్తో పట్టుకుని రోడ్డు మీదికీ కొట్లోకీ తిరుగుతుంటే, వెనకాల కొట్టు కుర్రాడు, వాడి వెనక మావాడు. చిన్నాడికి అదంతా ఆట అనే అనిపించింది. చివరికి మొట్టమొదట తీసిన ముక్కే ఖాయమైంది. జారు సంగతా? బుష్ వేసే మనిషి ఇంకా రాలేదన్నారు. అది మళ్లీ సంచీలోకే వెళ్లింది.

మ్యూజియం గేటు దగ్గర సంచీలు అప్పగించాలి. సెక్యూరిటీ ఆయన మాది తెరిచి, జారు బయటికి తీసి, ఎత్తి పట్టుకుని మా వంక చూశాడు. లోపల ఉంచమని ఇవ్వడానికి తెచ్చామేమోనని ఆయన అనుమానం కాబోలు.

మేం గడియారం దగ్గరికి చేరేసరికి పన్నెండూ అయిదు. అప్పటిదాకా కూర్చున్న జనమంతా నవ్వుకుంటూ లేచి వస్తున్నారు. సరే, ఇంకో గంటే కదా అని ముసుగేసుకున్న పాలరాతి రెబెకా విగ్రహం దగ్గరికి తీసుకెళ్లాను. ఒంటిమీదా ముసుగు మీదా మడతలు కూడా రాయే అని, 1876లో మొదటి సాలార్‌జంగ్ ఇటలీ వెళ్లినప్పుడు దీన్ని కొన్నాడని వివరంగా చెప్పాను. చిన్నాడు శ్రద్ధగా విని, "ముసుగు ఎప్పుడు తీస్తుంది?" అన్నాడు. మా అమ్మ మాత్రం ఆ మడతల్ని చాలాసేపు చూసి, "ఇస్త్రీ చేయించాల్సింది" అంది.

ఒంటిగంటకి అయిదు నిమిషాల ముందే వెళ్లి ముందు వరసలో కూర్చున్నాం. గడ్డం బొమ్మ వచ్చింది. చిన్నాడు ఊపిరి బిగబట్టాడు. ఠంగ్‌మంది. లోపలికి వెళ్లిపోయింది.

"ఇంకా?" అన్నాడు వాడు.

ఇంకేం లేదు. జనం లేచారు. పెద్దది అప్పటికే వేళ్ల మీద లెక్క తేల్చేసింది. "పన్నెండింటికి వచ్చుంటే పన్నెండు కొట్టేది. జాకెట్టు ముక్క మీద పదకొండు పోయాయి."

ఆ రాత్రే అది ఫ్రిజ్ మీద కాగితం అతికించింది. ఒక రోజుకి ఒకే చోటు. దారిలో ఎవరికీ పనులుండకూడదు. పొద్దున్నే వెళ్లాలి, ఎండెక్కకముందే వచ్చెయ్యాలి. కింద అందరిచేతా సంతకాలు పెట్టించింది. నేను ఆఫీసులో ఎన్నో పాలసీలు చూశానుగానీ ఇంత చిన్నదీ, ఇంత పకడ్బందీదీ చూడలేదు.

దాని ప్రకారం మర్నాడు మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి, ఇప్పుడు కృష్ణజింకల నేషనల్ పార్కు. మా ఊరికి ఆనుకునే ఉంటుంది. అయినా విజయవాడ బస్సు కిటికీలోంచి గోడ చూడటమే తప్ప లోపలికి అడుగుపెట్టిన పాపాన పోలేదు. గుంటూరు నుంచి ఎవరైనా వచ్చి "మీ పక్కనే జింకలుంటాయటగా" అంటే "ఆఁ, ఉంటాయి" అంటాం, మేమే మేత వేస్తున్నట్టు.

జింకలు నిజంగానే ఉన్నాయి. మెలితిరిగిన కొమ్ములతో నల్లటి మగది ఒకటి ఎండుగడ్డి మధ్యలో నిలబడి మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసింది. మా పెద్దది దాని జాతకం చెప్పింది: "కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు. తెలంగాణది చుక్కల జింక." అప్పటిదాకా మోకాళ్ల నొప్పులంటున్న మా అమ్మ కళ్లజోడు సర్దుకుని ఒకడుగు ముందుకేసింది. "అయితే మనవైపుదేనన్నమాట! ఇదీ మనలాగే ఇక్కడికొచ్చి స్థిరపడిందా?" అని, అది పొదల్లోకి వెళ్లేదాకా ఆప్యాయంగా చూస్తూనే ఉంది.

ఎవరూ ఏడవలేదు. ఎవరూ ఎత్తుకోమనలేదు. పులిహోర చెట్టుకింద తిన్నాం. ఇంటికొచ్చి చూస్తే గంట పదీ నలభై.

ఇక్కడే చిక్కొచ్చింది. ఆదివారం పొద్దున ఆ వేళకి అలిసిపోకుండా, పోట్లాడుకోకుండా ఇంట్లో ఉండటం మాలో ఎవరికీ అలవాటు లేదు. హాల్లో కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఆవిడ చీర మడత విప్పి, జాకెట్టు ముక్క పక్కన పెట్టుకుని, కిటికీ దగ్గరికెళ్లి అనుమానంగా చూడటం మొదలుపెట్టింది. పెద్దది ఫ్రిజ్ మీద కాగితం వైపు చూసింది. ఇంటికి తిరిగొచ్చాక ఏం చెయ్యాలో అందులో రాయలేదు.

అప్పటికే మా అమ్మ మిక్సీ జారు చేత్తో పట్టుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.