మూడు బరువుల కాటా

దక్షిణాఫ్రికాలోని కేప్ ద్రాక్షతో మొదటిసారి వైన్ తీసిన 1659 ఫిబ్రవరి 2న అక్కడి డచ్ అధికారి యాన్ వాన్ రీబెక్ దేవుడికి దండం పెట్టుకుని ఆ ముక్క దినచర్యలో రాసుకున్నాడు. పాపం, దానికి ఎన్ని నక్షత్రాలివ్వాలో ఆయనకు తోచలేదు. ఆ లోటు ఇప్పుడు బాగానే తీరింది. కేప్ వైన్ ఊళ్లు స్టెల్లెన్‌బాష్ నుంచి పార్ల్ దాకా సీసాల మీద పతకాల స్టిక్కర్లే. అక్కడి వెరిటాస్ వైన్ పోటీలో వట్టి బంగారం చాలక ‘డబుల్ గోల్డ్’ కూడా పెట్టారు. ఒలింపిక్స్ వాళ్లకు సైతం తట్టని ఉపాయమిది. 1980లో మొదలైన ప్లాటర్స్ అనే దక్షిణాఫ్రికా వైన్ గైడ్ అయితే సీసా మీది పేరు చూస్తూనే రుచి చూసి నక్షత్రాలు పంచుతుంది. ఐదు నక్షత్రాల వరకు వెళ్లగల వాటికి మాత్రం పేరు దాచి మరో పరీక్ష పెడతారు. అంటే పేరు చూస్తే నాలుక మొగ్గుతుందని వాళ్లకూ తెలుసన్నమాట!

పేరు దాచేస్తే సరిపోదా అంటారు. దాచితే పోయేది పక్షపాతం. నిలకడలేమి ఎక్కడికీ పోదు. కాలిఫోర్నియా పోటీలో రాబర్ట్ హాడ్జ్‌సన్ ఒకే సీసాలోని వైన్‌ను న్యాయనిర్ణేతలకు మూడుసార్లు, పేరు చెప్పకుండా ఇప్పించాడు. ప్రతిసారీ దాదాపు అదే మార్కు వేసినవాళ్లు పదిమందిలో ఒక్కరని 2008లో ప్రకటించాడు. ఒకే కిలో బియ్యానికి మూడు బరువులు చూపే కాటాను తూనికల శాఖ జప్తు చేస్తుంది. వైన్ లోకంలో దాన్ని వేదికెక్కించి సన్మానిస్తారు. అది అమెరికా గొడవ, కేప్ నాలుకలు వేరంటారా? మార్కుల మాయ అక్కడా తక్కువేం కాదు. 2004లో అక్కడి వైన్ సంస్థ కేడబ్ల్యూవీ, తన రెండు సోవిన్యో బ్లాన్ (ఒక తెల్ల ద్రాక్ష రకం) వైన్లలో తన దగ్గర పనిచేసే ఇద్దరు వైన్ తయారీ నిపుణులు చట్టవిరుద్ధంగా సువాసన ద్రవ్యాలు కలిపారని ఒప్పుకుంది. ఆ రకానికి క్యాప్సికం వాసనే మార్కులు తెస్తుందని తెలిశాక, తోటలో రాని వాసనను డబ్బాలోంచి తేవాలనే దుర్బుద్ధి పుట్టడంలో వింతేముంది?

అయితే రుచి చెప్పే విద్యే లేదా? ఉంది. బిరడా చెడగొట్టిన వైన్‌నూ, పులిసి వెనిగర్ దారి పట్టినదాన్నీ తేలిగ్గా పసిగట్టే ముక్కులున్నాయి. దక్షిణాఫ్రికా ఎర్ర వైన్లలో కాలిన రబ్బరు వాసన వస్తోందని 2007 ప్రాంతంలో బ్రిటిష్ విమర్శకులు అన్నప్పుడు కేప్ ఉలిక్కిపడింది, కానీ స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయం ఆ వాసన సంగతి తేల్చే పనిలో పడింది. అక్కడ పనికొచ్చింది వాసనకు పెట్టిన పేరు, వేసిన మార్కు కాదు. తప్పు పట్టడం విద్య. వంద మార్కులకు తొంభై మూడుకూ తొంభై నాలుగుకూ తేడా చెప్పడం గారడీ.

కొనేవాడికి ఏదో ఒక దారి చూపాలి కదా అన్న మాటా న్యాయమే. చూపండి. ఒకే వైన్‌ను రెండుసార్లు పోయించి, ఏ న్యాయనిర్ణేత ఎంత తేడాగా వేశాడో పతకం పక్కనే అచ్చు వేయండి. కానీ పోటీ రుసుము కట్టేది వైన్ తయారీదారులు. వాళ్లు డబ్బు పెట్టేది స్టిక్కరు కోసం, సందేహం కోసం కాదు. జిహ్వకో రుచి అన్న సామెత ఉచితంగా దొరుకుతుంది గనకే దానికి పతకం రాలేదు.