నా హస్తవాసి

లారీ అప్పజెప్పేటప్పుడు మా మామగారు ఆర్‌సీ పుస్తకం నా చేతిలో పెట్టి, జాగ్రత్తలన్నీ తన కూతురికి చెప్పారు. మనిషిని చూడగానే ఎంత బరువు మోయగలడో ఆయనకు తెలిసిపోతుంది. అప్పట్లో నేను పగలు బ్యాంకులో లెడ్జర్లు రాసేవాణ్ని, సాయంత్రమైతే లారీ ఓనర్ని. బండి టాటా 1210. ఆరు సిలిండర్ల 692 ఇంజను, దాని పక్కన మైకో పంపు. గుడివాడ మిల్లుల నుంచి బెజవాడకు బియ్యం బస్తాలు తోలేది.

ఓనరు కాగానే నాకు పట్టుకున్న మొదటి జబ్బు అనుమానం. డ్రైవరు డీజిల్ అమ్ముకుంటున్నాడేమోనని. మామగారి హయాం నుంచీ ఉన్నవాడు, నాకంటే పెద్దవాడు. అయినా సరే, ఆటోనగర్‌లో ట్యాంకుకు కొత్త మూత చేయించి తాళం వేయించాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? పాత ట్యూబు ముక్క గుండ్రంగా కోయించి మూత కింద గట్టిగా బిగింపించాను. డీజిల్ వాసన కూడా బయటికి పోకూడదని నా పట్టుదల. తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, ఇక ట్యాంకులో చీమ దూరినా నాకు తెలుస్తుందని ఇంట్లో ప్రకటించాను. మా ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటూ తల కూడా ఎత్తలేదు.

ఆ తర్వాతే లారీ దారిలో ఆగడం మొదలుపెట్టింది. ఖాళీగా పోతే అంతగా తెలిసేది కాదు. లోడు మీద కాలవ వంతెన ఎక్కుతుంటే మాత్రం రొప్పి, పికప్ చచ్చి, నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయేది. ట్యాంకు నిండా కొట్టించిన రోజున మరీ తొందరగా. డ్రైవరు ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసేవాడు. "బాబుగారూ, పంపుకు డీజిల్ అందట్లేదండి."

నేను స్కూటరేసుకుని వెళ్లేవాణ్ని. వెళ్లగానే చేసే మొదటి పని తాళం తీసి, కర్ర ముంచి డీజిల్ కొలవడం. మూత తీస్తుంటే బుస్సుమని చప్పుడయ్యేది. కొలత ఉండాల్సినంతా ఉండేది. మూత పెట్టి తాళం వేసి "కొట్టు సెల్ఫ్" అనేవాణ్ని. క్లీనరు చేతిపంపు నాలుగుసార్లు కొట్టేసరికి బండి లేచి కూర్చునేది!

ఇలా కొన్నాళ్లు జరిగేసరికి నాకు నా చేతిమీద గురి కుదిరింది. నేను తాకితే చాలు, ఇంజను పలుకుతోంది. ఈ మాట ఇంట్లో చెప్పుకుంటే మా ఆవిడ, "అయితే పక్కింటి మామ్మగారి మోకాలు కూడా ఓసారి ముట్టుకుని రండి" అంది.

డీజిల్ అందట్లేదంటే మెకానిక్కు చూపూ, ఓనరు చూపూ ముందు పెద్ద పంపు మీదే పడతాయి. ఖరీదైంది అదే మరి. ఇంజెక్టర్ల నోట్లోకి సుమారు 200 కేజీల ప్రెషరుతో డీజిల్ కొట్టేది అదే. దాని పక్కకు అతుక్కుని ఫీడ్ పంపని ఒక చిన్నది ఉంటుంది. ట్యాంకులోంచి డీజిల్ లాగి, ఫిల్టర్లలోంచి తోసి, ఒకటో రెండో కేజీల ప్రెషరుతో పెద్దాయనకు అందించడం దాని ఉద్యోగం. ఆ కాస్తా అందకపోతే 200 కేజీల దొరగారు ఉత్త గాలి నమలాల్సిందే.

ఇవన్నీ మెకానిక్కు చెప్తుంటే నేను బాగా తలూపాను. తలూపి, ఫిల్టర్లు మార్పించాను. ఫీడ్ పంపుకు కొత్త కిట్టు వేయించాను. పైపుల దగ్గర రాగి వాషర్లన్నీ మార్పించాను. బండి ఆగుతూనే ఉంది. చివరికి పెద్ద పంపు దింపించి, బెంచి మీద కాలిబ్రేషన్ చేయించాను. మా ఆవిడ చీటీ పాడిన డబ్బు ఆ బిల్లుకు సరిగ్గా సరిపోయింది. పంపు కొత్త రంగుతో తిరిగొచ్చింది. ఆ వారంలోనే అదే వంతెన మీద బండి ఆగింది.

"నాన్నయితే ముందు డబ్బా పెట్టేవాడు" అంది మా ఆవిడ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ.

డబ్బా పెట్టడమంటే, ట్యాంకు నుంచి వచ్చే పైపు విప్పేసి, ఫీడ్ పంపుకు వేరే పైపు తగిలించి, దాన్ని డీజిల్ డబ్బాలో ముంచి లోడు మీద నడపడం. అప్పుడు బాగా లాగితే పంపులు మంచివే, లోపం వెనకాల ఉన్నట్టు. మర్నాడు కంకిపాడు నుంచి బెజవాడ దాకా లారీ డబ్బా మీదే వచ్చింది, ఒక్క దగ్గు లేదు. తర్వాత ట్యాంకు లైనులో లోపలి డీజిల్ కనబడే ప్లాస్టిక్ పైపు ముక్క కలిపి చూశాం. ఎక్కడైనా గాలి పీలుస్తుంటే బుడగలు కనిపించాలి. ఇది లాగే వైపు కాబట్టి సందుంటే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. నేల మీద చుక్కల కోసం టార్చిలైటు వేసి నేను వెతికిన వెతుకులాటంతా దండగన్నమాట. బుడగలు కూడా లేవు.

మా ఆవిడ డ్రైవరును వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

"బాబాయ్, ఆగినప్పుడల్లా ఈయన వచ్చి ఏం చేశారు?"

"మూత తీసి డీజిల్ చూసుకున్నారమ్మా."

"ఈయన రాకుండా బండి ఎప్పుడైనా లేచిందా?"

"లేదమ్మా. తాళం వారి దగ్గర కదా" అని నా మొలకేసి చూశాడు.

ట్యాంకులో డీజిల్ తగ్గినంత మేరా గాలి లోపలికి రావాలి. అందుకే మూతకు బెజ్జం ఉంటుంది. దాన్ని మూసేస్తే లోపల వాక్యూమ్ పుట్టి, ఫీడ్ పంపు లాగలేక చేతులెత్తేస్తుంది. నిండు ట్యాంకులో డీజిల్ పైన గాలి కొంచెమే ఉంటుంది కాబట్టి అప్పుడు ఇంకా తొందరగా. మూత తీసి నేను చేసిన వైద్యమంతా, మూత పెట్టి నేనే తెప్పించిన రోగానికి.

"నీకు తెలీదా ఈ సంగతి?" అనడిగాను డ్రైవర్ని.

"అనుమానం తగిలిందండి. కానీ మూత ఊసెత్తితే డీజిల్ కోసమే అనుకుంటారని ఊరుకున్నానండి."

పాత డీజిల్ బండి ఉన్నవాళ్లకు ఒక్క మాట. పికప్ తగ్గి ఆగిపోతుంటే ముందు మూత వదులు చేసి ఓ ట్రిప్పు పంపండి. లాభం లేకపోతే డబ్బా పెట్టండి. అవి రెండూ కాకుండా పెద్ద పంపు మీద స్పానర్ వెయ్యనివ్వకండి. మా డ్రైవరు బత్తా మాత్రం ఆ నెల నుంచే పెరిగింది. ఎంత పెంచాలో నన్నెవరూ అడగలేదు.