చలువపెట్టె పద్యం: టీకా తాత్పర్య విశేషాలతో

ఆ.వె.
గోడ కంటనీక గుప్పెడంతెడమిచ్చి
పచ్చి కింద నుంచి పైన వంట
తలుపు తీసి మూయ తడవు చేయకయున్న
చలువపెట్టె కాచు చద్దిమూట

అవతారిక: ఇంటి ఫ్రిజ్‌ను ఎక్కడ నిలపాలి, అందులో ఏది ఏ అరలో పెట్టాలి, ఎలా వాడాలి, అలా వాడితే దక్కేదేమిటి అన్న నాలుగు సంగతులను నాలుగు పాదాల్లో చెప్పే పద్యమిది. ఏ తాళపత్రంలోనూ దొరకదు. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతపు బిళ్ల కింద, కరెంటు బిల్లు పక్కన ఉండదగినది. కవి యతి ఎక్కడా తప్పలేదు. వంటింట్లో మాత్రం ఇందులోని ప్రతి పాదమూ రోజూ తప్పుతూనే ఉంటుంది కనుక వ్యాఖ్యానం అవసరమైంది.

ప్రతిపదార్థం: గోడకు + అంటనీక = ఫ్రిజ్ వీపును గోడకు ఆననీయక; గుప్పెడంత + ఎడము + ఇచ్చి = పిడికిలి పట్టేంత సందు వదిలి; పచ్చి = వండని మాంసమూ చేపలూ వగైరా; కిందన్ + ఉంచి = దిగువ అరలో పెట్టి; పైన = ఎగువ అరల్లో; వంట = వండిన పదార్థాలను (ఉంచి అని ఇక్కడా చెప్పుకోవాలి); తలుపు తీసి = తలుపు తెరిచి; మూయన్ = మూయడంలో; తడవు చేయక + ఉన్నన్ = ఆలస్యం చేయకపోతే; చలువపెట్టె = ఫ్రిజ్; చద్దిమూటన్ = మిగిలిన తిండిని; కాచున్ = కాపాడును.

తాత్పర్యం: గాలి ఆడేచోట నిలిపి, పచ్చిదీ వండినదీ కలవనీయక, తలుపు పని వెంటనే ముగిస్తే, ఫ్రిజ్ తన పని తాను చేస్తుంది.

విశేషాలు: “గోడ కంటనీక” అనడంలో ఫ్రిజ్ నడిచే తీరంతా ఉంది. ఫ్రిజ్ చలిని పుట్టించదు, లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది. లోపలి గొట్టాల్లో పారే ద్రవం ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి కండెన్సర్ గొట్టాల్లోకి తోస్తుంది. అక్కడ అది వేడిని వదిలి మళ్లీ ద్రవమవుతుంది. వదిలిన వేడి పోయే దారి లేకపోతే కంప్రెసర్ ఆగకుండా ఆడుతుంది, బిల్లు పెరుగుతుంది, లోపల చల్లదనం తగ్గుతుంది. “గుప్పెడంత” అన్నది సుమారు కొలత. ఏ మోడల్‌కు ఎంత సందు కావాలో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం సాధారణంగా అట్టపెట్టెతో పాటు అటక మీద ఉంటుంది.

పాత ఫ్రిజ్‌లకు వెనక నల్లటి జాలీ కనిపించేది. దాని దుమ్మును ఆరు నెలలకోసారైనా, ప్లగ్గు తీసి, బ్రష్‌తో దులపాలి. కొత్తవాటిలో చాలావరకు ఆ గొట్టాలు పక్క రేకుల లోపలే ఉంటాయి కనుక పక్కలు వేడెక్కడం సహజం. ఆ పక్కల్ని ముట్టుకుని కంగారుగా మెకానిక్‌కు ఫోన్ చేసేవారూ, అవే పక్కల మీదికి పూలపూల కవరు వేలాడదీసేవారూ ఒకే ఇంట్లో కనిపిస్తారు. ఆ కవరు జేబుల్లో పాల చీటీలు, రబ్బరు బ్యాండ్లు, గడువు తీరిన మాత్రలు ఉంటాయి. కవరు అందానికే అనుకున్నా పక్కలకు మాత్రం దిగకూడదు. పైన నీళ్లున్న పూలకుండీ అసలు పెట్టకూడదు.

చోటు విషయంలో మరొకటి. ఫ్రిజ్ లేబుల్ మీద వాతావరణ తరగతి ఉంటుంది. ‘టి’ తరగతివి గదిలో 16 నుంచి 43 డిగ్రీల వరకు వేడికి తగినట్టు చేసినవి. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో బయట 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. అలాంటి ఊళ్లో ఫ్రిజ్‌ను పొయ్యి పక్కనో, పడమటి కిటికీ ఎదుటో పెడితే దానికి శిక్షే.

గొట్టాల్లో పారే ద్రవం గురించి కవి మౌనం వహించాడు, వ్యాఖ్యాత వహించడానికి వీల్లేదు. తొలినాళ్ల ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వంటి విషవాయువులు వాడేవారు. బెర్లిన్‌లో ఒక కుటుంబం అలాంటి వాయువు కారి చనిపోయిందన్న వార్తే ఐన్‌స్టైన్‌ను కదిలించిందని చెబుతారు. ఆయన, మరో భౌతిక శాస్త్రవేత్త లియో జిలార్డ్ కలిసి కదిలే భాగాల్లేని ఫ్రిజ్‌ను రూపొందించారు, దానికి 1930లో అమెరికా పేటెంటు వచ్చింది. అది వంటిళ్లకు చేరలేదు. తరువాత వచ్చిన సీఎఫ్‌సీ వాయువులు ఇంట్లో మనుషులకు హాని చేయలేదు గాని ఆకాశంలో ఓజోన్ పొరను తిన్నాయి, 1987 మాంట్రియల్ ఒప్పందంతో వాటికి కాలం చెల్లింది. నేటి ఇంటి ఫ్రిజ్‌లలో విరివిగా ఉండేది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. ఓజోన్‌కు హాని లేదు, కానీ మండుతుంది. ఉండేది కొన్ని పదుల గ్రాములే అయినా, గొట్టం చిల్లిపడిందన్న అనుమానం వస్తే స్విచ్చులు ముట్టకుండా, పొయ్యి వెలిగించకుండా, కిటికీలు తెరవాలి. ఫ్రీజర్‌లో పేరుకున్న మంచును చాకుతో పెళ్లగించేవారు చిల్లు పొడిచేది సరిగ్గా ఈ గొట్టానికే. మంచు అర సెంటీమీటరు మందం కాగానే ఫ్రిజ్ ఆపి, తలుపు తీసి, దానంతట అది కరిగేదాకా ఆగడం ఒక్కటే శాస్త్రసమ్మతం. డీఫ్రాస్ట్ బటన్ ఉంటే అది నొక్కితే చాలు.

“పచ్చి కింద నుంచి” అన్నచోట కొందరు “కింద నుంచి” అని ఒకే మాటగా తీసుకుని, పచ్చి సరుకును కింది అర నుంచి పైకి పేర్చుకుంటూ పోవచ్చునని అర్థం చెబుతారు. వ్యాకరణం దీన్ని అడ్డుకోలేదు, ఆరోగ్యం అడ్డుకుంటుంది. ఆదివారం పూట కోడిమాంసం పల్చటి నల్ల సంచిలో వస్తుంది. సంచిని అలాగే ఖాళీ ఉన్న పై అరలో తోస్తారు. సంచి అడుగున చెమ్మ చేరి, చుక్క కట్టి, కింద మూతలేని పెరుగు గిన్నెలో పడుతుంది. మాంసం రేపు ఉడుకుతుంది కనుక దానిలోని సూక్ష్మజీవులు చస్తాయి. పెరుగును ఎవరూ ఉడికించరు. కనుక పచ్చిమాంసాన్ని మూత ఉన్న డబ్బాలో, అన్నిటికంటే కింది అరలో పెట్టాలన్నదే కవి హృదయం. గడ్డకట్టిన మాంసాన్ని కరిగించడమూ ఆ అరలోనే, రాత్రంతా. సింకు గట్టు మీద కాదు.

ఇక్కడ శాకాహారుల పక్షం నుంచి ఒక ఆక్షేపణ: “మాంసం లేని ఇంటికి ఈ పాదం వర్తించదు.” సమాధానం: వర్తిస్తుంది. మట్టి వదలని తోటకూర, కొత్తిమీర వేళ్లు కూడా పచ్చివే. వాటి చోటు అడుగున ఉండే కూరల డబ్బా. ఉల్లిపాయలు, బంగాళదుంపలు ఆ డబ్బాలోకి కూడా రాకూడదు. చలిలో దుంపల పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, వేపుడు తొందరగా నల్లబడుతుంది. ఉల్లి చెమ్మపట్టి మెత్తబడుతుంది.

“పైన వంట” అన్నాడే గాని “తలుపున వంట” అనలేదు. ఇది గమనించాలి. తీసినప్పుడల్లా బయటి గాలి మొదట తగిలేది తలుపు అరలకే, ఫ్రిజ్‌లో అన్నిటికంటే వెచ్చని చోటు అదే. పాల ప్యాకెట్లు, గుడ్లు లోపలి అరలో ఉంటే మేలు. గుడ్ల కోసం గుంటలు చేసిన పళ్లెం తలుపుకే బిగించి వస్తుంది గాని, తయారీదారు అలంకారప్రియత్వాన్ని ప్రమాణంగా తీసుకోనక్కరలేదు. తెరవని ఇన్సులిన్‌కు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. తలుపులోనూ వద్దు, ఫ్రీజర్‌ను ఆనుకునీ వద్దు, ఎందుకంటే ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

“తలుపు తీసి మూయ” అన్నది తెరిచి నిలబడి ఏం తిందామా అని ఆలోచించేవారిని ఉద్దేశించిన మాట. ఏం కావాలో అనుకున్నాకే తలుపు ముట్టాలి. తలుపు మూసినంత మాత్రాన మూసినట్టు కాదు, చుట్టూ ఉన్న రబ్బరు పట్టాలి. పది రూపాయల నోటును తలుపు సందులో పెట్టి మూసి లాగి చూడాలి. జారుతూ వచ్చేస్తే రబ్బరు వదులైందని అర్థం. చాలాసార్లు అది పాడవదు, మడతల్లో చేరిన జిడ్డు వల్ల అంటుకోదు. గోరువెచ్చని సబ్బు నీళ్లతో తుడిస్తే సరిపోతుంది.

కరెంటు పోయినప్పుడు ఈ పాదానికి విలువ రెట్టింపు. తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ దాదాపు 4 గంటలు చల్లదనం నిలుపుతుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు. “కరిగిందా?” అని పది నిమిషాలకోసారి తీసి చూసే ఇంట్లో ఈ లెక్కలేవీ చెల్లవు. కరెంటు రాగానే కంప్రెసర్ మీద దెబ్బ పడకుండా కొన్ని నిమిషాలు ఆగి వదిలే స్టెబిలైజర్, వోల్టేజీ ఊగిసలాడే ఊళ్లలో అవసరం. ప్లగ్గు మూడు పిన్నులది, ఎర్తింగ్ ఉన్నది, గోడ సాకెట్‌లో నేరుగా పెట్టినదై ఉండాలి. మిక్సీతో ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు పంచుకోకూడదు.

“తడవు చేయక” అన్నదాన్ని తలుపుకు మాత్రమే కాక వండిన తిండికీ అన్వయించడం ఉత్తమం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వండిన పదార్థాన్ని బయట 2 గంటలకు మించి ఉంచవద్దంటుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువని అమెరికా ఆహార భద్రతా సూచనలు, మన ఎండాకాలానికి ఇదే నప్పుతుంది. పూర్వపక్షం: “వేడివేడి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టకూడదు కదా, అందుకే రాత్రి సీరియల్ అయ్యాక పెడతాం.” సిద్ధాంతం: పొగలు కక్కే పెద్ద గిన్నెను పెడితే పక్క గిన్నెలు వెచ్చబడతాయన్నది నిజమే. అందుకని పప్పుచారును గంటల తరబడి గట్టు మీద ఉంచనక్కరలేదు. రెండు మూడు లోతు తక్కువ డబ్బాల్లోకి వంచితే అరగంటలో సెగ తగ్గుతుంది. అన్నం విషయంలో మరీ జాగ్రత్త. బియ్యంతో వచ్చే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు, బయట ఉన్న అన్నంలో మళ్లీ మొలుస్తాయి, అవి చిమ్మే ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు.

“కాచు” అన్న క్రియ పద్యానికి ప్రాణం. కవి ‘శుద్ధి చేయు’ అనలేదు, ‘చంపు’ అనలేదు. ఫ్రిజ్ చలి సూక్ష్మజీవుల పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, అంతే. లిస్టీరియా వంటివి ఆ చలిలోనూ పెరుగుతాయి. పెట్టేటప్పటికే చెడిన కూర రేపటికి బాగుపడదు. అందుకే లోపల 5 డిగ్రీలు దాటకూడదు, ఫ్రీజర్ మైనస్ 18 వద్ద ఉండాలి. చలిని సర్దే మర మీద ఉన్న 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు. సాధారణంగా అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది. నిజం తెలియాలంటే నీళ్ల గ్లాసులో థర్మామీటరు వేసి రాత్రంతా మధ్య అరలో ఉంచి పొద్దున చూడాలి. జ్వరం చూసేది దీనికి పనికిరాదు.

‘కాచు’కు మరిగించు అనే అర్థమూ ఉంది కనుక ఇక్కడ శ్లేష. మిగిలిన కూరను మూడు నాలుగు రోజుల్లోగా, తినేటంత మాత్రమే తీసి, ఒకసారి పొగలు వచ్చేలా కాచి తినాలి. వాసన చూసి బాగుందని తేల్చడం ప్రమాణం కాదు, జబ్బు చేసే సూక్ష్మజీవులు వాసన వేయాలన్న నియమం లేదు. “చద్దిమూట”లో ఆవకాయ చేరదు. ఉప్పు, కారం, నూనె దానికి చాలు. దోసెల పిండి చేరుతుంది, లోపలా మెల్లగా పులుస్తూనే ఉంటుంది కనుక గిన్నెలో పైన ఖాళీ వదలాలి.

అనుక్తాలు: శుభ్రం చేయడం గురించి పద్యంలో చోటు చాలలేదు. ప్లగ్గు తీసి, అరలు బయట కడిగి, లోపల వంటసోడా కలిపిన నీళ్లతో తుడవడమే దాని విధి. అందరూ మరిచేది వెనక కంప్రెసర్ దగ్గర ఉండే నీళ్ల ట్రే. డెంగీని మోసే ఏడిస్ దోమ అక్కడ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులే పడుతుంది, అందుకే వారానికోసారి ట్రే తీసి, పారబోసి, రుద్ది కడగాలి.

చివరిగా, పని అయిపోయిన ఫ్రిజ్. గొళ్లెం తలుపుల పాత ఫ్రిజ్‌లలో దాక్కున్న పిల్లలు ఊపిరాడక చనిపోవడంతో, లోపలి నుంచి తోస్తే తెరుచుకునే తలుపు ఉండాలని అమెరికా 1956లో చట్టమే చేసింది. అయస్కాంతపు రబ్బరు తలుపులున్న నేటివాటిలో గొళ్లెం లేదు గాని, తలుపు గోడవైపు తిప్పి మెట్ల కింద నిలిపిన ఫ్రిజ్ లోపలి నుంచి తెరుచుకోదు. మన దేశంలో 2022 ఇ-వ్యర్థాల నిబంధనల కింద ఫ్రిజ్ కూడా ఉంది కనుక గుర్తింపు ఉన్న రీసైక్లింగ్ వారికే ఇవ్వాలి. వారు వచ్చేదాకా ఇంట్లోనో మెట్ల కిందో ఉంచాల్సి వస్తే తలుపు ఊడదీయాలి. అరలను మాత్రం అలాగే ఉంచాలి, అవి అడ్డుంటే పిల్లలు లోపల దూరలేరు.