‘భాగం బి’ ఎవరు రాయాల?

మా రోజుల్లో తాడిమర్రిలో అప్పు పుట్టాలంటే ప్రోనోటు రాయాల్సిందే. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, అది రాకపోతే వేలిముద్ర. పక్కన ఇద్దరు సాక్షులు, అడుగున రాసినవాడి పేరు. వ్యవహారం చెడి ధర్మవరం కోర్టుకెక్కితే ఆ ఇద్దరిలో ఒకడు బోనెక్కి, ‘నా కళ్లెదుటే వేలు వేసినాడు సార్’ అనేవాడు. అవతలి ప్లీడరు క్రాస్‌లో ఎంత తిప్పినా, ఏ అరుగు మీద రాసిందీ, ఎవరు ఏ పక్క కూర్చున్నదీ చెప్పేవాడు. దొంగసాక్ష్యాలు లేవని కాదు. కానీ అబద్ధమాడేవాడు నీళ్లు నమిలేవాడు, జడ్జిగారు అది కళ్లారా చూసేవారు.

1872 నాటి సాక్ష్య చట్టం పోయి, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. చాలావరకు పాత సరుకే, సెక్షన్ల నంబర్లు మారినాయి. పోలీసుల ముందు ఒప్పుకున్నది చెల్లదనే 25వ సెక్షను ఇప్పుడు 23లో ఉంది. గుంటూరు నుంచి ప్రీవీ కౌన్సిల్ దాకా పోయిన పులుకూరి కొట్టయ్య కేసు ఇప్పటికీ దారి చూపుతోంది: ‘బరిసె ఫలానా చోట దాచినా’ అని పోలీసులకు చెప్పి చూపిస్తే ఆ మాట చెల్లుతుంది, ‘దాంతోనే పొడిచినా’ అన్నది చెల్లదు. ఎంత న్యాయమైన గీత అది! అది మిగిలినందుకు సంతోషమే.

నా కోపమంతా ఈ కొత్త చట్టంలోని 63వ సెక్షను మీద. మా వీధిలో ఒకామె శనక్కాయలమ్మిన డబ్బు చేబదులిచ్చింది. నోటు లేదు. ‘పండక్కి ఇస్తాలే అక్కా’ అన్న వాట్సాప్ మాట ఒక్కటే ఉంది. దాని కాపీ కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ కావాల. 2000లో ఈ సర్టిఫికెట్ వచ్చినప్పుడు ఒక సంతకంతో పోయేది. ఇప్పుడు రెండు భాగాలు. భాగం ఎ ఆమె రాయాల: ఫోను కంపెనీ, మోడల్, రంగు, ఐఎంఈఐ, పైగా రికార్డు మారలేదని చూపే హ్యాష్ విలువ. భాగం బి నిపుణుడు రాయాల. తాడిమర్రిలో ఆ నిపుణుడు యాడున్నాడు? పోనీ ఫోనే కోర్టులో ఇచ్చేద్దామంటే, బెంగళూరులో ఉండే కొడుకుతో ఆమె మాట్లాడేదెట్లా?

ఫోన్లో మాటలు అతికించి మోసం చేసేవాళ్లున్నారు, కట్టడి కావాల్సిందే. అయితే ఆ నిపుణుణ్ణి మండల న్యాయసేవా కమిటీలే చూపించాల, ఆ ఫీజు పేదల నెత్తిన పడకూడదు. అంతదాకా మా వీధి ఆడవాళ్లకు నేను చెప్పేది ఒకటే: చేబదులైనా సరే, నోటు రాయించుకోండి, ఇద్దరితో సంతకాలు పెట్టించుకోండి.