ఆరంచెల పరిశీలన గారికి బహిరంగ లేఖ

ప్రభుత్వ పథకాలకు అర్హులెవరో తేల్చే మహారాజశ్రీ ఆరంచెల పరిశీలన గారి దివ్యసముఖానికి ధర్మవరం నుంచి ఓ మగ్గం మనిషి నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేం క్షేమం. మీరు క్షేమమని వేరే చెప్పాలా? ముఖ్యమంత్రులు మారారు, పథకాల పేర్లు మారాయి, మీరు మాత్రం కుర్చీ దిగలేదు. 2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బులు పడినప్పుడూ గుమ్మంలో కూర్చున్నది మీరే.

మా లేమిని మీరు కరెంటు మీటరులో చూస్తారు. నెలకు 300 యూనిట్లు దాటితే మేం కలిగినోళ్లం. మా వీధిలో ఒక్క మీటరు కింద మూడు కాపురాలుంటాయి సామీ. మగ్గం గుంతలోకి పట్టపగలు కూడా వెలుతురు దిగదు, బల్బు ఆర్పితే పోగు కనపడదు. ఆ బల్బులూ, మూడిళ్ల ఫ్యాన్లూ కలిసి మీ లెక్కలో ఒక షావుకారును పుట్టిస్తాయి. ఆయన ఎక్కడుంటాడో కాస్త చూపిస్తే పోయి అప్పు అడుగుతాం.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారైన కియా కార్లు లారీలెక్కి మా కళ్లముందే పోతుంటాయి. వాటితో మాకు భయం లేదు. ఇంట్లో కారుంటే మీ లెక్కలో కలిగినోళ్లమే కాబట్టి, భయమల్లా మా పెద్దోడు సెకండ్ హ్యాండ్‌లో ఏదైనా తెస్తాడేమోనని. ట్యాక్సీకి మినహాయింపు ఇచ్చారు, సంతోషం. వాడికి పసుపు నంబరు ప్లేటు వచ్చేదాకా ఇంటిల్లిపాదీ ధనవంతులమే.

హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ల ధర ఎక్కితే రైతు నవ్వుతాడు, రేషం కొనే మాకు గుండె జారుతుంది. దిగితే రైతు ఏడుస్తాడు, మా కూలి మాత్రం పెరగదు. ఇది మీ ఆరంచెల్లో ఏ అంచెలో ఉందో వెతికాను, దొరకలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చిన ఎన్టీఆర్ తర్వాత ఆ హిందూపురం నుంచే మూడుసార్లు గెలిచాడు. అప్పుడు బోగస్ కార్డులు లేవని నేననను. కానీ మీటరును అడిగి ఆకలి తేల్చలేదు.

2019 డిసెంబరు 21న నేతగాళ్లకు సాయమని నేతన్న నేస్తం పథకం మా ఊళ్లోనే మొదలైంది. అప్పట్లో ఏడాదికి 24,000 ఇచ్చారు, సొంత మగ్గం ఉంటేనే. షావుకారు మగ్గంలో కూలికి నేసేవాడు చప్పట్లు కొట్టి ఇంటికొచ్చాడు.

మీటరు చూడ్డానికి ఒకసారి పగలే రండి, లైటు ఆర్పి చూపిస్తాం. గుంతలో కాలు పెట్టేటప్పుడు మాత్రం పైలం. మొన్నటి వానకు ఊట దిగింది.

ఇట్లు,
300 దాటిన ఒక సంపన్నుడు,
ధర్మవరం