రెండు బాటిళ్ల మహావాక్యం: సటీకా తాత్పర్యం

మూలం: "జరం తగ్గింది గని నీరసం పోవాలంటే రెండు బాటిళ్లు ఎక్కియ్యాలె."

అవతారిక: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అను త్రిపురములందు, నాట్లు ముగిసి ఇంటింటా జ్వరాలు పట్టుకునే వేళ ఈ మంత్రం వినబడును. దీనికి ఋషి ఆర్‌ఎంపీ, ఛందస్సు చుక్కలధార, దేవత సెలైన్, వినియోగం కూలి డబ్బులు.

టీక: మొదటి రెండు పదాలు సుగమములు గనుక విడిచితిమి. "ఎక్కియ్యాలె" అనుచోట కర్త లోపించెను. రోగి అడగడు గనుక దోషం లేదని ప్రాచీనులు. బిల్లు మీదా పేరుండదు గనుక అది గుణమేనని నవ్యులు.

ఇక్కడ మల్లినాథసూరిని తలవక తప్పదు. మెదక్ సీమలోని కొల్చారం వాడు. చెడు వ్యాఖ్యల విషానికి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందని, తేర్చడానికి తన టీకకు సంజీవని అని పేరు పెట్టాడు. నైషధ టీకకు జీవాతువు అన్నాడు, అదీ మందు పేరే. ఇన్ని మందులిచ్చీ ఎవర్నీ సూదితో పొడవలేదు! ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మాట కూడా ఇచ్చాడు. ఆ నియమం పెడితే మన మందుల చీటీల్లో ఎన్ని తెల్లకాగితాలవుతాయో! కిరాతార్జునీయానికి ఆయన రాసిన ఘంటాపథం గురించీ చెప్పాలని ఉంది గానీ, ప్రకృతమనుసరిద్దాం.

"నీరసం": వైరస్ దూరగానే ఒంట్లో ఇంటర్‌ఫెరాన్లు, సైటోకైన్లు పుడతాయి. వాటి సంకేతంతోనే మెదడులోని హైపోథలామస్ వేడి పెంచుతుంది. ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఒంటి ఖర్చు పదో వంతుకు పైగా పెరుగుతుంది. ఆకలీ చస్తుంది. తిండి లేక కండ కరుగుతుంది. ఆ సరుకుతో కాలేయం సీఆర్‌పీ వంటి ప్రొటీన్లు చేస్తుంది, రక్తంలోని ఇనుమును దాచిపెడుతుంది. జ్వరం దిగాక పోరాడిన టీ కణాల్లో చాలామటుకు చనిపోయి, కొన్ని జ్ఞాపకానికి మిగులుతాయి. కరిగిన కండ మళ్లీ కట్టుకోవాలి. ఇదంతా జరగడానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. మూలకారుడు తరిమేస్తానంటున్న నీరసం ఈ మరమ్మతే.

"రెండు బాటిళ్లు": అర లీటరు సెలైన్‌లో ఉన్నది 4.5 గ్రాముల ఉప్పు, నీళ్లు. కేలరీలు సున్నా. విటమిన్ సూది కలిపితే పచ్చబడుతుంది, రోగికి బలం కంటికి కనబడుతుంది. 5 శాతం గ్లూకోజ్ బాటిల్ అయితే 25 గ్రాముల చక్కెర, నూరు కేలరీలు దాటవు. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండి, రైసుమిల్లులు నిండిన మిర్యాలగూడలో ఇంత చక్కెర కోసం మనిషి నరం పొడిపించుకోవాలా? నాట్లేసిన కూలి ఉప్పునీళ్లకు పోతుంటే టీకాకారుడికి సంస్కృతం రావడం లేదు. పైగా ఒక్క వైడాల్ పరీక్షతో "కొంచెం టైఫాయిడ్ గూడ ఉంది" అంటారు. పాత యాంటీబాడీలు వేరే జ్వరానికీ లేస్తాయి. కొంచెం టైఫాయిడ్ అనే రోగం లేదు.

అపవాదం: డెంగీలో జ్వరం దిగే రోజులే గండం. కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం కనబడితే ఆస్పత్రిలో లెక్కచూసి ఎక్కించే సెలైన్ ప్రాణం నిలుపుతుంది.

తాత్పర్యం: మింగగలిగినవాడికి బాటిల్ అక్కరలేదు. గంజి, పప్పన్నం, గుడ్డు, నిద్ర చాలు. రెండు వారాలైనా నీరసం వదలకపోతే చదువుకున్న డాక్టరుకు చూపించుకోండి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది.