రీసెట్టుకు టీకా తాత్పర్యం

అవతారిక. మా పొన్నూరులో రెండు రోజులుగా నెట్ నత్తనడక నడుస్తుంటే, కేబుల్ ఆఫీసువారు వాట్సాప్‌లో ఒక శాసనం పంపారు. ఏ ఆఫీసో చెప్పను, వాళ్ళ తీగే ఇంకా మా ఇంటికి ఉంది. అది చదవగానే నాకు సంస్కృత కళాశాల రోజులు గుర్తొచ్చాయి. కొలచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టి వ్యాఖ్యానానికి కూర్చున్నాడు. నాకు ఆ నిగ్రహం లేదు.

మూలం. “వినియోగదారులు తమ రౌటర్‌ను రీసెట్ చేసుకొనవలెను. పిదప పాస్‌వర్డును మార్చుకొని భద్రపరచుకొనవలెను. ఇతరులకు తెలుపరాదు.”

టీక. “వినియోగదారులు” సులభం, వదిలేస్తున్నాను. “తమ” అన్నది విచార్యం. పెట్టె ఆఫీసుది, దాని అడ్మిన్ తాళం ఆఫీసుది. మొరాయించిన రోజున మాత్రం అది “తమ”ది అవుతుంది.

“రౌటర్”. ఇక్కడ కాస్త ఆగాలి. ‘రు’ ధాతువుకు శబ్దం చేయడమని అర్థం. రౌతి అంటే అరుచుచున్నది. రౌతీతి రౌటరః. పెట్టె అరవదు కదా అని పూర్వపక్షం. నిజమే. కనుక అంతర్భావితణ్యర్థం చెప్పుకుని, అరిపించేది అని అర్థం తీయాలి. సీరియల్ మధ్యలో బొమ్మ ఆగిపోయిన మా ఆవిడా, ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఉన్న మా మనవడూ ఇందుకు ప్రత్యక్ష ప్రమాణం. మరి ‘ట’ ఎక్కణ్ణుంచి వచ్చిందంటే పృషోదరాది. సూత్రానికి లొంగని మాటలన్నిటినీ వైయాకరణులు పడేసే గంప అది. అందులో వేస్తే ఏ అక్షరమైనా వస్తుంది, ఏదైనా పోతుంది. మా గురువుగారికి బస్సు తప్పిపోయినా “పృషోదరాది నాయనా” అనేవారు. దేశ్యవాదుల మతం వేరు. ఇది ‘రౌతు’ నుంచి పుట్టిందని వాళ్ళు అంటారు. రౌతు కొద్దీ గుర్రం అన్న సామెత వాళ్ళకు బలం. నాకూ ఈ పక్షమే నచ్చింది. మా గుర్రం మా నట్టింట్లో మేస్తోంది, కళ్ళెం మాత్రం బస్టాండు దగ్గర ఆఫీసులో ఉంది.

ఏం చెబుతున్నాను? ఆఁ, “రీసెట్”. పెట్టె వెనక సన్న బెజ్జం ఉంటుంది. దబ్బనం దూరలేదు. పిన్నీసు మొన లావు. చివరికి సిమ్ తీసే పుల్ల పట్టింది. పది అంకెలు లెక్కపెడుతూ నొక్కి పట్టాను. దీపాలన్నీ ఒక్కసారి ఆరి మళ్ళీ వెలిగాయి. ఆఫీసు తీగతో లంకె కుదిరిందని చెప్పే పాన్ దీపం పచ్చగానే వచ్చింది, ఇంటర్నెట్ దీపం మాత్రం రాలేదు. రీసెట్ అంటే పెట్టె ఫ్యాక్టరీ గడప దాటిన నాటి స్థితికి పోవడం. వైఫై పేరు, పాస్‌వర్డుతోపాటు కనెక్షన్ కోసం ఆఫీసువాళ్ళు లోపల కొట్టిన లాగిన్ కూడా చెరిగిపోతుంది. ఆ లాగిన్ మాకెవరూ ఇవ్వలేదు. ఫోన్ చేస్తే అటు నుంచి ఒక అమ్మాయి, “అయ్యో మాస్టారూ, రీసెట్ ఎందుకు కొట్టారండీ?” అంది. మూలకర్తకే మూలం తెలియకపోతే వ్యాఖ్యాత చేసేదేముంది?

అలంకారం. రీసెట్ అయ్యాక పెట్టె అడుగున అంటించిన చీటీ చదివాను. యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డు అడ్మిన్. ఇది యమకమని భ్రమపడకండి, యమకంలో అర్థం మారాలి. శబ్దమూ అర్థమూ ఒకటే అయి తాత్పర్యం మాత్రమే మారితే లాటానుప్రాసం. నువ్వెవరు అన్నదానికి మొదటి అడ్మిన్ జవాబు, నువ్వేనని నమ్మకమేమిటి అన్నదానికి రెండో అడ్మిన్ జవాబు. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము ఇలాంటి జంటలు ఓ అరవై పట్టుకుని ప్రపంచమంతా తిరిగి లక్షల కెమెరాలు, రౌటర్లు వశం చేసుకుంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇలా అందరికీ ఒకే పాస్‌వర్డుతో పెట్టెలు అమ్మడాన్ని చట్టం ఒప్పుకోదు. మనకింకా అనుప్రాస మీద మోజు తీరలేదు.

“భద్రపరచుకొనవలెను” అంటే చీటీ మీద రాసి కందిపప్పు డబ్బాలో దాచమని కాదు. వైఫైకి తాళం వేసే డబ్ల్యూపీఏ2 పద్ధతిలో పాస్‌వర్డు 8 అక్షరాలకు తగ్గకూడదు, 63కు మించకూడదు. పాదానికి 19 అక్షరాల చొప్పున శార్దూలం మూడు పాదాలు పట్టి ఇంకా ఆరు మిగులుతాయన్నమాట. తెలుగు లిపి చెల్లదు, గణాల పట్టింపు లేదు. వైఫై పేరులో ఇంటిపేరు, డోర్ నంబరు వద్దు. రైలు ఆగే స్టేషను నిడుబ్రోలు, ఊరు పొన్నూరు. పేరు చూసి చిరునామా పట్టుకోలేకపోవడం ఇక్కడివారికి కొత్త కాదు.

“ఇతరులకు తెలుపరాదు”. మా వీధిలో పద్దెనిమిది ఇళ్ళకు ఆఫీసువాళ్ళు పెట్టిన పాస్‌వర్డు ఒక్కటే. ఇక తెలపడానికి ఇతరులేరీ?

నవ్వులాటకు అన్నానుగానీ, ఇది నవ్వే సంగతి కాదు. మా ఊరి దేవుడు సాక్షి భావనారాయణుడు. కాశీలో ఇచ్చిన మాటను ఒకాయన ఊరికొచ్చాక తప్పబోతే, సాక్ష్యం చెప్పడానికి స్వామే తరలివచ్చాడని స్థలపురాణం. ఈ కాలానికి సాక్షి రౌటరు. స్వామి జరిగింది చెప్పాడు. రౌటరు ఎవరు వాడారో చెప్పదు, కనెక్షన్ ఎవరి పేర ఉందో అదే చెబుతుంది. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్ళకు కాస్త ముందు వచ్చిన బెదిరింపు మెయిలు, నవీ ముంబయిలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటి ఇంటర్నెట్ మీదుగా వెళ్ళింది. ఆయన వైఫైకి తాళం లేదు. పోలీసులు ముందు తట్టింది ఆయన తలుపే.

తాత్పర్యం. నాలుగో రోజు ఆఫీసు కుర్రాడు వచ్చి నాకు కనపడకుండా ఫోను అటు తిప్పుకుని లాగిన్ కొట్టాడు. వైఫైకి ఏం పాస్‌వర్డు పెట్టమంటారని అడగలేదు, వీధికంతటికీ పెట్టిందే పెట్టి వెళ్ళాడు. వాడు సందు మలుపు తిరక్కముందే నేను మార్చేశాను. మీరు మాత్రం బెజ్జంలో పుల్ల పెట్టేముందు ఆ లాగిన్ కాగితం మీద రాయించుకోండి. ఇవ్వమంటే, ఇచ్చేదాకా కుర్రాణ్ణి కుర్చీలోంచి లేవనివ్వకండి.